లైటు పోగానే లేచిన క్లాసు

మా కాలేజీ ఈమధ్య ఒక సావనీరు వేసింది. నున్నటి కాగితం, రంగు ఫోటోలు. అందులో "మన సంస్థకు వన్నె తెచ్చిన ఆచార్యులు, పాలకులు" అని ఒక విభాగం పెట్టారు. ప్రిన్సిపాల్ గారికి నిండు పేజీ ఇచ్చారు. ట్రస్టు సెక్రటరీ గారికి పేజీన్నర, ఎందుకంటే ఆయన ఫోటో అడ్డంగా వచ్చింది. ఫిలాసఫీ ప్రొఫెసర్ గారికి మాత్రం రెండే వాక్యాలు: "దీర్ఘకాలం సేవలందించారు. మృదుస్వభావి." హెడ్ క్లర్కుగా రిటైరైన నేను అందులో లేను. లేకపోవడమే న్యాయం. నేను ఆ సంస్థకు వన్నె తెచ్చానో, ఉన్న వన్నె కాస్తా పోగొట్టానో ఇప్పటికీ తేలలేదు.

ఆ రెండు వాక్యాల్లో పట్టని ఒక రోజు ఉంది. అది మీకు చెప్పాలని కూర్చున్నాను. మీరంటే, సూరత్‌లోనే పుట్టి, ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, దుకాణంలో గుజరాతీ మాట్లాడుతూ పెరిగి, ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న మన పిల్లలు. పైఅధికారి చెప్పిన పనిని నోరెత్తకుండా చేసుకుపోతే ఏమవుతుందో మీకు ఎవరో ఒకరు చెప్పాలి కదా. కాలేజీలో మా మాటలన్నీ గుజరాతీలోనో హిందీలోనో నడిచినవే. నేను తెలుగులో రాస్తున్నాను.

నాది సాంచాల కుటుంబం. మరమగ్గాలను మనవాళ్లు సాంచాలంటారని మీకు తెలుసు. మా నాన్న వరంగల్ నుంచి వచ్చి జీవితమంతా వాటి మోతలోనే గడిపాడు. నేను అక్కడ ఇంటర్ పాసై, ఇక్కడికొచ్చి టైపు నేర్చుకుని, ఆల్థాన్ వైపున్న ఈ చిన్న కాలేజీలో టైపిస్టుగా చేరాను. మెల్లగా హెడ్ క్లర్కునయ్యాను. ఎంతమంది పట్టాల మీద ముద్రలు వేశానో లెక్కలేదు కానీ నేను మాత్రం డిగ్రీ చదవలేదు.

మా కాలేజీలో అన్నీ ఆర్ట్స్ సబ్జెక్టులే. చరిత్ర, సైకాలజీ, గుజరాతీ సాహిత్యం, ఇంగ్లీషు, ఫిలాసఫీ. పొద్దున లేస్తే బేరం తప్ప మరో మాట వినిపించని ఊళ్లో కామర్సు లేని కాలేజీ నడపాలంటే బోలెడు ధైర్యమైనా ఉండాలి, బోలెడు అమాయకత్వమైనా ఉండాలి. మా సెక్రటరీ గారికి రెండూ ఉన్నాయి. ఆయనది వరాఛాలో వజ్రాల వ్యాపారం. ఏ కాగితం ఇచ్చినా కంటికి దగ్గరగా పట్టుకుని, కాస్త తిప్పి, వెలుతురులో చూసి, "చాల్‌శే" అని సంతకం పెట్టేవారు. ఫర్వాలేదు, నడుస్తుంది అని దాని అర్థం. కాలేజీ మొత్తం ఆ ఒక్క మాట మీదే నడిచింది.

ప్రిన్సిపాల్ గారికి లామినేషన్ పిచ్చి. ఒక మిషను కొనిపించి తన గదిలోనే పెట్టుకున్నారు. "నిశ్శబ్దం పాటించండి", "నీరు వృథా చేయకండి", "ఈ తలుపు తోయండి" అన్నీ లామినేట్ చేయించి గోడలకు కొట్టించారు. లాగాల్సిన తలుపుకు కూడా పొరపాటున "తోయండి" పడింది. అది తీయడానికి ఆయనకు మనసొప్పలేదు. అంత చక్కగా లామినేట్ అయిన దాన్ని ఎలా పారేస్తామని అడిగారు. రెండేళ్లపాటు అందరం ఆ తలుపును ముందు తోసి, తర్వాత లాగేవాళ్లం.

ఇక ఫిలాసఫీ ప్రొఫెసర్ గారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఒక బటను తప్పు కాజాలో పెట్టుకుని ఉండేవారు. రోజూ నాలుగింటికి నా బల్ల దగ్గరికి వచ్చి చాయ్ తాగుతూ ఏదో ఒకటి అడిగేవారు. "ఈ ఫైలు మీదా, కాలేజీదా?" కాలేజీదే అన్నాను. "మరి నిన్న అది పోతే మీకెందుకు నిద్ర పట్టలేదు?" ఇలాంటివి. ముప్పై ఏళ్ల పైచిలుకు నన్ను ఎన్నో అడిగినవాళ్లున్నారు, బోనఫైడ్ ఎప్పుడిస్తారు, సెలవు శాంక్షనైందా అని. నేనేం అనుకుంటున్నానని అడిగింది మాత్రం ఆయనొక్కరే. అందుకే ఆయనంటే నాకు ప్రాణం.

ఆయన క్లాసులో విద్యార్థులు ముగ్గురే. ఒకసారి సెక్రటరీ గారు మొహమాటపడుతూనే అడిగారు, "సార్, ఇది చదివితే ఏం దొరుకుతుంది?" అని. "దొరికిందాన్ని ఇదేమిటని అడగడం అలవాటవుతుంది" అన్నారాయన. సెక్రటరీ గారు ఆ జవాబును కూడా కాసేపు వెలుతురులో తిప్పి చూసుకుని, చాల్‌శే అన్నారు.

నేను రిటైరయ్యే ఏడాది యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. పది మంది లేని డిపార్ట్‌మెంటును మూసేస్తారట. ఫిబ్రవరిలో కమిటీ వచ్చి, క్లాసులో కూర్చుని, తలలు లెక్కపెడుతుందట. ఫిలాసఫీ మూతపడితే ప్రొఫెసర్ గారిని మిగులు సిబ్బందిలో వేసి ఎక్కడో కచ్ దగ్గరి కాలేజీకి పంపేస్తారు. ఆయనకు సర్వీసు ఇంకా మూడేళ్లుంది. ఆ ముగ్గురు పిల్లల చదువు నడిమధ్యలో ఆగిపోతుంది.

ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి తలుపు వేయించారు. "మీవాళ్లు ఊరినిండా ఉన్నారు కదా. ఒక గంట కూర్చోబెట్టండి. కమిటీ వెళ్లిపోతుంది, అందరికీ మంచి జరుగుతుంది."

అది తప్పని నాకు తెలుసు. ఇంత వయసొచ్చి, జుట్టు నెరిసి, ఆ గదిలో ఒక్క మాట అనలేకపోయాను. నాలుగింటికి నా బల్ల దగ్గర ఆయన లేని కాలేజీ ఎలా ఉంటుందో ఊహించుకుని, సరేనన్నాను. ప్రొఫెసర్ గారికి మాత్రం చెప్పలేదు. చెబితే ఆయన ఒక్క ప్రశ్న అడుగుతారు, దానికి నా దగ్గర జవాబు ఉండదు.

మా బావమరిది పల్సానా దగ్గరి కార్ఖానాలో సాంచాలు నడుపుతాడు. ఆదివారం వాళ్లింటికి వెళ్లి సంగతి చెప్పాను.

"ఏంది బావా, మేం కాలేజికా?" అన్నాడు. అతను మామూలుగా మాట్లాడితేనే పక్కింటి వాళ్లకు వినబడుతుంది. సాంచాల మోతలో పనిచేసేవాళ్ల గొంతులన్నీ అంతే.

"ఒక్క గంట కూసోవాలె. గంతే. నోరు తెరవొద్దు."

"నిద్రొస్తే?"

"కండ్లు తెరిసే నిద్రపోండ్రి."

"గదైతే మాకు ఎర్కనే. రాత్రి పాళీ అంటే గదే కద." మళ్లీ తనే అడిగాడు. "గీ ఫిలాసఫీ అంటే ఏంది బావా?"

"నాకూ తెల్వదు. సారు అడుగుతడు, మనం ఆలోచన జెయ్యాలె."

"ఎవరు అడగమన్నరు ఆయన్ని?" అన్నాడు మా బావమరిది. ఆలోచిస్తే అది కూడా ఫిలాసఫీయే అనిపించింది.

కమిటీ వచ్చే రోజు పొద్దున రాత్రి పాళీ దిగి, స్నానాలు చేసి, ఇస్త్రీ చొక్కాలతో పద్నాలుగు మంది వచ్చారు. ఒకాయన మీసానికి కొత్తగా రంగేసుకొచ్చాడు. ఇంకొకాయన చదువుకున్నవాడిలా కనబడాలని వాళ్ల నాన్న కళ్లజోడు పెట్టుకొచ్చి, ఆ "తోయండి" తలుపుకు ముక్కు కొట్టుకున్నాడు. అందరికీ స్టోరులోంచి కొత్త నోటు పుస్తకాలు ఇచ్చాను. మాట్లాడొద్దని, తంబాకు వేయొద్దని, ఫోన్లు తీయొద్దని వరసపెట్టి చెప్పాను. ప్రిన్సిపాల్ గారు వాళ్లను తేరిపార చూసి, "కాస్త పెద్దవాళ్లుగా ఉన్నారు కదూ?" అన్నారు.

"ఫిలాసఫీ కదా సార్, వయసొస్తేనే తలకెక్కుతుంది" అన్నాను.

ఆయన అంతకంటే పెద్ద పనుల్లో ఉన్నారు. కమిటీ కోసం ముందురోజే తన గదిలో కొత్త ఏసీ బిగించారు. వాళ్ల టిఫినుకు తెప్పించిన లోచో చల్లారితే బాగుండదని వరండాలో పెద్ద కరెంటు పొయ్యి పెట్టించారు. లామినేషన్ మిషను సరేసరి, కమిటీ వాళ్ల పేర్లతో పొద్దుటి నుంచీ ఆడుతూనే ఉంది.

పదకొండింటికి ప్రొఫెసర్ గారు క్లాసులోకి వచ్చారు. పదిహేడు మందిని చూసి ఆగిపోయారు. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. అయినా పదిహేడు మందే. తర్వాత గుమ్మంలో నిలబడ్డ నా వంక చూశారు. నేను సీలింగు ఫ్యాను వంక చూశాను.

కమిటీ నుంచి ముగ్గురు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. వాళ్లలో పెద్దావిడ ఒక రిటైరైన ప్రొఫెసర్, ఒళ్లో గుడ్డ సంచి, నవ్వని మొహం. ప్రొఫెసర్ గారు పాఠం మొదలుపెట్టారు. బాగా కష్టమైన పాఠమే. రెండు నిమిషాలు గడిచేసరికి మూడో వరసలో ఒకాయన రెండు చేతుల వేళ్లు దగ్గరగా పట్టి, టక్కున విడదీసి చూపించాడు. పక్కాయన తలూపి తనూ అలాగే చేశాడు. కాసేపట్లో గదినిండా అదే సైగ.

ప్రొఫెసర్ గారు పుస్తకం దించారు. "ఏమిటది?"

ఎవరూ పలకలేదు. నేను పలకొద్దన్నాను కదా. చివరికి మా బావమరిది ఉండబట్టలేక లేచి, కార్ఖానా గొంతుతో, "సాబ్, ధాగా టూట్ గయా!" అన్నాడు. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. సాంచాల మోతలో మాట వినబడదని, పోగు తెగితే అట్లా చేతులతో చెప్పుకుంటామని, ఇప్పుడు సారు చెప్పేదాంట్లో కూడా పోగు తెగిందని హిందీలో వివరించాడు.

వెనక పెద్దావిడ పెన్ను తీసింది.

ప్రొఫెసర్ గారు ఒక్క క్షణం అతన్నే చూశారు. తర్వాత నవ్వారు. పుస్తకం మూసి బల్ల మీద పెట్టేశారు. "మీరు నడిపే సాంచాకు ఒక భాగం పాడైతే ఏం చేస్తారు?"

"మారుస్తం."

"పదేళ్లలో ఒక్కొక్కటిగా భాగాలన్నీ మార్చేశారనుకోండి. అప్పుడది ఆ పాత సాంచానేనా, వేరేదా?"

ఇక చూడాలి ఆ గది. నిద్రలన్నీ ఎగిరిపోయాయి. కొందరు హిందీలో, మరిచిపోయి కొందరు తెలుగులో, అందరూ ఒకేసారి అందుకున్నారు.

"మోటరు మార్చినంక గది పాతదెట్లయితది?"

"నంబరు గదే ఉన్నది కద! సేటు రాసిన నంబరు మారలే."

"నంబరుదేముంది, రంగేస్తె పోతది. మా ఏడో నంబరు సాంచాకు అన్నీ మార్చినం. అయినా మోత గదే. కండ్లు మూస్కోని జెప్త, గది ఏడో నంబరే అని."

"మరి పాత సామాను మూలకు పడున్నది గద, దాన్నంత జమజేసి ఇంకోటి బిగిస్తె? అప్పుడేది అసలుది?"

ఈ చివరి మాట అన్నది కళ్లజోడాయన. ప్రొఫెసర్ గారు బల్ల మీద చెయ్యి చరిచారు. అసలు విద్యార్థుల్లో ఒకమ్మాయి లేచి కళ్లజోడాయనతో వాదనకు దిగింది. నేను గుమ్మంలో నిలబడి, ఇది నేను చేసిన మోసమని పూర్తిగా మరిచిపోయి సంతోషపడ్డాను. ప్రొఫెసర్ గారి మొహం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"సాంచా సంగతి సరే," అన్నారాయన చెయ్యెత్తి. "మరి మనిషి? పదేళ్లలో మనిషి కూడా..."

అప్పుడు లైటు పోయింది. ఏసీ, లోచో పొయ్యి, లామినేషన్ మిషను మూడూ కలిసి మెయిన్ ఫ్యూజును ఎగరగొట్టాయి.

ఫ్యాన్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. పద్నాలుగు మందీ ఒక్కసారిగా లేచారు. నోటు పుస్తకాలు మూశారు. మారుమాట లేకుండా వరసగా బయటికి నడిచి, గేటు దాటి, ఎదుటి చాయ్ బండి దగ్గరికి వెళ్లిపోయారు. ప్రొఫెసర్ గారి చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. క్లాసులో ముగ్గురు మిగిలారు.

నేనైతే పక్కకు జరిగి వాళ్లకు దారి కూడా ఇచ్చాను. అందులో తప్పేమీ తోచలేదు నాకు. కార్ఖానాలో లైటు పోతే ఎవరినీ అడగరు. లేవాలి, బయటికి రావాలి, చాయ్ తాగాలి. చిన్నప్పటి నుంచీ నేను చూసింది అదే. మాట్లాడొద్దన్నాను, తంబాకు వద్దన్నాను, ఫోను వద్దన్నాను. ఈ ఒక్కటీ చెప్పాలని నాకు తట్టలేదు.

పెద్దావిడ నా దగ్గరికి వచ్చింది. "వాళ్లెక్కడికి వెళ్లారు?"

"చాయ్‌కి మేడం."

"ఎవరు వెళ్లమన్నారు?"

"లైటు పోయింది కదా మేడం."

"లైటు పోతే?"

"సాంచా ఆగిపోతుంది మేడం."

నోట్లోంచి వచ్చేసింది. వెనక ప్రిన్సిపాల్ గారు దగ్గడం మొదలుపెట్టారు. ఆవిడ గేటు వైపు నడిచింది. ఆవిడ వెనక మేమందరం.

చాయ్ బండి దగ్గర ఏడో నంబరు సాంచా గొడవ ఇంకా నడుస్తోంది. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. మా బావమరిది ఆవిణ్ణి చూసి గ్లాసు అందించి, "మీరైనా జెప్పండ్రి మేడం, గది పాతదా కొత్తదా?" అని హిందీలో అడిగాడు. ఆవిడ చాయ్ తీసుకుని, నిలబడే తాగింది. ఏమనుకుందో పైకి కనబడలేదు. గ్లాసు ఇచ్చేసి నా వైపు తిరిగింది.

"వీళ్ల పేర్లున్న రిజిస్టరు చూపించండి."

ప్రిన్సిపాల్ గారు కళ్లతో నాకు ఏవేవో చెబుతున్నారు. పక్కన ప్రొఫెసర్ గారు నిలబడి ఉన్నారు, తప్పు కాజాలో బటనుతో. ఆయన ముందు అబద్ధమాడటం నావల్ల కాలేదు.

"వీళ్ల పేర్లు రిజిస్టర్లో లేవు మేడం. సాంచాలు నడుపుకునేవాళ్లు. తెచ్చింది నేనే. సార్‌కు తెలియదు."

"క్లాసులోకి రాగానే తెలిసింది" అన్నారు ప్రొఫెసర్ గారు. "తెలిసే పాఠం చెప్పాను. వింటున్నవాళ్లకు చెప్పకుండా ఎలా ఆగేది?"

సిగ్గుతో చచ్చిపోయాను. తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

కమిటీ రిపోర్టు పది రోజుల్లో వచ్చింది. విద్యార్థులు ముగ్గురు. వచ్చే అడ్మిషన్లు ముగిసేలోగా పది మంది నిజంగా చేరకపోతే డిపార్ట్‌మెంటు మూసేయాలి. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకు పొద్దున్నే క్లాసు పెట్టుకోవచ్చు. చివర్న చేత్తో రాసిన ఇంకో వాక్యం ఉంది, కాలేజీ వైరింగు మార్పించమని. నాకు మెమో ఇచ్చారు. ప్రిన్సిపాల్ గారికి టైపు రాదు కనుక నా మెమో నేనే టైపు చేసుకున్నాను. రెండు తప్పులు దిద్ది సంతకానికి పెట్టాను. ఆయన దాన్ని లామినేట్ చేయబోతే మాత్రం వద్దని చేతులు పట్టుకున్నాను.

జూన్‌లో అడ్మిషన్లు మొదలయ్యాయి. ఫిలాసఫీకి వారం దాకా ఎవరూ రాలేదు. ఒక పొద్దున రాత్రి పాళీ దిగి నేరుగా మా బావమరిది కౌంటరు దగ్గరికి వచ్చాడు. చొక్కా మీద దూది పోగులు, చేతిలో ప్లాస్టిక్ కవరులో ఇంటర్ మార్కుల కాగితం.

"ఏందిరా?" అన్నాను.

"ఆ దినం సారు మనిషి సంగతి చెప్పబోతుండె. లైటు పోయింది. అది జర పూర్తిగ ఇనాలె బావా. ఏమేం కాయిదాలు గావాలె?"

మిగతా పదముగ్గురిలో ఇంటర్ దాకా చదివినవాళ్లు అయిదుగురే. కళ్లజోడాయన ఆరో తరగతితోనే బడి మానేశాడట, పాపం, గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయాడు. ఆ అయిదుగురూ చేరారు. మా బావమరిదితో ఆరు. పాత ముగ్గురితో తొమ్మిది.

అడ్మిషన్లకు ఆఖరి రోజే నా సర్వీసుకూ ఆఖరి రోజు. మధ్యాహ్నం శాలువా కప్పారు. సెక్రటరీ గారు నన్ను కూడా కాస్త వెలుతురులో చూసి, భుజం తట్టి, చాల్‌శే అన్నారు. నాలుగింటికి ప్రొఫెసర్ గారు ఎప్పటిలాగే నా బల్ల దగ్గరికి వచ్చి చాయ్ తాగారు. ఆ రోజు ఏమీ అడగలేదు. "కచ్‌లో ఎండలు బాగా ఉంటాయంటారు" అని మాత్రం అన్నారు. ఆయన వెళ్లాక చాలాసేపు ఖాళీ గ్లాసు చూస్తూ కూర్చున్నాను.

అయిదింటికి కౌంటరు మూయాలి. నాలుగూ యాభైకి ఒక ఫారం తీశాను. పేరు రాశాను, నా పేరే. విద్యార్హత ఇంటర్, వయసు యాభై ఎనిమిది, కోరిన విషయం ఫిలాసఫీ. హెడ్ క్లర్కు సంతకం చేయాల్సిన చోట కూడా నేనే సంతకం చేసి, ముద్ర వేసి, డ్రాయరుకు తాళం పెట్టాను. నా సర్వీసులో వేసిన ఆఖరి ముద్ర అదే. తెల్లారి ప్రిన్సిపాల్ గారు ఆ ఫారం చూసి ఇది రూలేనా అని రోజంతా పుస్తకాలు తిరగేశారట. కుదరదని రాసిన రూలు ఎక్కడా దొరకలేదు.

మొదటి క్లాసు పొద్దున ఎనిమిదింటికి పెట్టారు. ఆఖరి బెంచీలో మా బావమరిది పక్కన కూర్చున్నాను. ప్రొఫెసర్ గారు వచ్చి, పది మందినీ వేలితో లెక్కపెట్టుకుని, పదోసారి వేలు నా మీద ఉండగా కాసేపు ఆగారు. "ఆ రోజు మనిషి దగ్గర ఆగాం. పదేళ్లలో మనిషిలో కూడా ఒక్కొక్కటిగా అన్నీ మారిపోతాయి. వయసు, పని, పేరు ముందు పెట్టుకునే హోదా. అయినా అతను అదే మనిషా?"

అంతలో లైటు పోయింది. వైరింగు మార్పిస్తామని ప్రిన్సిపాల్ గారు ఒక బోర్డు రాయించి లామినేట్ చేయించారు, అంతవరకే జరిగింది పని.

సాంచాల వాళ్లు కదలలేదు. ఆరుగురూ బెంచీల అంచులు గట్టిగా పట్టుకుని, సారు వంకే చూస్తూ కూర్చున్నారు. గదిలో లేచింది ఒక్కడే. ఫ్యూజు చూద్దామని గబగబా గుమ్మం దాకా వెళ్లిపోయాను.

"ఎటు బావా?" అన్నాడు మా బావమరిది. ఆ గొంతుకు కాలేజీ అంతా ఉలిక్కిపడి ఉంటుంది. "కూసో. సారు చెప్తుండు."

వచ్చి కూర్చున్నాను.